కొటేషన్‌లో 'గేమింగ్' అన్న మాట
(విద్యా రుణాల సీజనులో ఒక పాఠం)

జూన్, జూలై నెలలు వస్తే మన శాఖల్లో విద్యా రుణాల దరఖాస్తులు వరుస కడతాయి. సీటు అలాట్‌మెంట్ లెటరు, ఫీజుల పట్టిక, హాస్టల్ ఖర్చుల అంచనా, మార్కుల జాబితా ఉంటాయి. ఈ మధ్య వీటి అడుగున తప్పకుండా మరో కాగితం కనిపిస్తోంది. అది లాప్‌టాప్ కొటేషన్. ఫీజుల విషయంలో మనం ఎంతో జాగ్రత్తగా ఉంటాం. ఈ కాగితాన్ని మాత్రం ధర చూసి రెండు నిమిషాల్లో తేల్చేస్తాం. నేనూ అలాగే తేల్చేవాణ్ణి. కిందటి ఏడాది చింతలనార్ నుంచి వచ్చిన ఒక తండ్రీకూతుళ్లు నాకు ఈ విషయంలో మంచి పాఠం చెప్పారు. మన సహోద్యోగులకు రెండు విధాల పనికొస్తుందని దాన్ని ఇక్కడ రాస్తున్నాను. రుణం మంజూరు చేసేది మనమే, మన పిల్లలకు లాప్‌టాప్ కొనేదీ మనమే కదా.

చింతలనార్ నుంచి వచ్చిన దరఖాస్తు

నేను అప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో పనిచేస్తున్నాను. భద్రాచలం నుంచి చింతూరు, కుంట దాటి 30వ నంబరు జాతీయ రహదారి మీద వెళితే దోర్నపాల్ వస్తుంది. అక్కడి నుంచి జగర్‌గుండా వైపు తిరిగే రోడ్డు మీద ఉంటుంది చింతలనార్. 2010 ఏప్రిల్ 6న దగ్గర్లోని తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయిన ఘటనతో ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది. ఆ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది అదే. అక్కడా కిరాణా కొట్లు, వారపు సంతలు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉంటారన్న సంగతి అంత తొందరగా గుర్తుకు రాదు.

వచ్చినాయన సంతల్లో బట్టలు అమ్ముకునే చిరువ్యాపారి. ఇంట్లో తెలుగు, సంతలో గోండి, ఆఫీసుల్లో హిందీ మాట్లాడతాడు. కూతురు దోర్నపాల్‌లో పోటా కేబిన్ ఆశ్రమ పాఠశాలలో ఉండి చదువుకుంది. ఆ మారుమూల పల్లెల్లో బడులు నడవని కాలంలో పిల్లల చదువు ఆగకుండా పెట్టిన వసతి బడులు అవి. ఆ అమ్మాయికి రాయపూర్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది.

కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరిది 74,000 రూపాయల లాప్‌టాప్ కొటేషన్. దాని మీద 'గేమింగ్ లాప్‌టాప్' అని స్పష్టంగా అచ్చయి ఉంది.

"ఇదేంటమ్మా, చదువుకా, ఆటలకా?" అని అడిగాను.

"రెంటికీ సార్" అంది ఆ అమ్మాయి, ఏమాత్రం తడబడకుండా.

తండ్రి ముఖం మారిపోయింది. "ఆటలకని నాకు చెప్పలేదు సారూ. చదువుకు కావాలంటే సరే అన్నాను. ఆటలకు అప్పు చేస్తామా? మీరే చెప్పండి" అన్నాడు.

నేను ఆయన పక్షమే. 50,000లో మంచి పలుచని లాప్‌టాప్ వస్తుంది, అది చాలదా అన్నాను. ఆ అమ్మాయి కాసేపు తల వంచుకుని, "ఏది ఎందుకు చాలదో చూసి చెప్పండి సార్. చాలితే అదే కొనుక్కుంటాను" అంది. న్యాయమైన మాట. మర్నాడు రమ్మన్నాను. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

కొనే ముందు చూడవలసినవి

అమ్మేవాళ్ల భాషలో చూస్తే లాప్‌టాప్ మహా గందరగోళంగా ఉంటుంది. మన పనికి కావలసిన సంగతులు ఆరే.

1. ప్రాసెసర్. 'ఐ5', 'రైజెన్ 5' అన్న పేరు చూసి మోసపోకూడదు. పేరు చివరి అక్షరం ముఖ్యం. 'యూ' అంటే తక్కువ కరెంటుతో నడిచేది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. 'హెచ్' అంటే ఎక్కువ శక్తి, దానితో ఎక్కువ వేడి. అంకెలూ చూడాలి. రైజెన్ 5 7520యూ అన్నదాన్ని తీసుకోండి. మొదటి 7 చూసి కొత్తదనుకుంటాం. లోపలి నిర్మాణం ఎప్పటిదో చెప్పేది మూడో అంకె. ఇక్కడ అది 2, అంటే 'జెన్ 2' అన్న పాత నిర్మాణం. కొత్త సీసాలో పాత మందు.

2. ర్యామ్. కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి 16 జీబీ కావాలి. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకు కూడా 16 జీబీ ఉండటం మేలు. ఇప్పుడు 8 తీసుకుని తరువాత పెంచుకుందామంటే, పలుచని మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. ఇక పెంచడం కుదరదు. మా అబ్బాయికి చూడముచ్చటగా ఉందని 8 జీబీది కొని, మూడో సంవత్సరంలో మళ్లీ ఇంకొకటి కొన్నాను. అప్పుడు మిగిలిందనుకున్న డబ్బుకు నాలుగింతలు పోయింది.

3. స్టోరేజి. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, 512 జీబీ కనీసం. పెద్ద ఆటలు ఒక్కొక్కటి భారీగా చోటు తీసుకుంటాయి. జీటీఏ 5 ఒక్కటే 70 జీబీ దాటుతుంది. రెండో ఎస్‌ఎస్‌డీకి ఖాళీ స్లాట్ ఉంటే తరువాత తక్కువ ఖర్చుతో పెంచుకోవచ్చు.

4. గ్రాఫిక్స్ కార్డు. చదువుకూ ఆటకూ తగవు వచ్చేది ఇక్కడే. బీకాం విద్యార్థికి టాలీ, ఎక్సెల్ నడవడానికి విడిగా కార్డు అక్కరలేదు. మెకానికల్, సివిల్ వాళ్లకు సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటివి నడవాలంటే కార్డు ఉండటం మేలు. ఈ రెండూ విండోస్ మీద మాత్రమే నడుస్తాయి కాబట్టి వాళ్లు యాపిల్ మ్యాక్ జోలికి పోకూడదు. కంప్యూటర్ సైన్స్‌లో మొదటి రెండేళ్లు సీ, పైథాన్, జావా, డేటాబేస్‌లకు కార్డుతో పని లేదు. మూడో ఏడాది మెషిన్ లెర్నింగ్ మొదలైతే ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకు కూడా అనే పద్ధతి ద్వారా లెక్కలు ఎంతో వేగంగా జరుగుతాయి. ఆటకు బొమ్మలు గీసే కార్డే ఈ లెక్కలూ చేస్తుంది. కార్డు లేనివాళ్లు గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా కొంతవరకు నెట్టుకురావచ్చు, కానీ ఇంటర్నెట్ బాగుండాలి.

ఒకే పేరున్న కార్డులన్నీ ఒకటి కావు. ఆర్‌టీఎక్స్ 4050 లాప్‌టాప్ కార్డు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఉంటుంది. ఎన్ని వాట్లది పెట్టాలన్నది తయారీదారు ఇష్టం. తక్కువ వాట్లది నెమ్మది. ఎన్ని వాట్లో అడిగి రాయించుకోవాలి.

5. బ్యాటరీ, కరెంటు. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్‌లలో చెబుతారు. 50 వాట్-అవర్‌ల బ్యాటరీ, పనికి 10 వాట్లు తీసుకునే పలుచని లాప్‌టాప్‌లో 5 గంటలు వస్తుంది. 20 వాట్లు తీసుకునే గేమింగ్ లాప్‌టాప్‌లో రెండున్నర గంటలే. ఆట ఆడేటప్పుడు అది వంద వాట్లు దాటుతుంది. అంటే చార్జర్ పెట్టి ఉంచాల్సిందే. పలుచనిదానికి 65 వాట్ల చార్జర్ చాలు, గేమింగ్‌దానికి తరచుగా 180 వాట్లు, అంతకు పైన. చిన్న ఇన్వర్టరు, సోలార్ దీపాల మీద బతికే ఇంట్లో ఇది చిన్న తేడా కాదు. కరెంటు బిల్లు మాత్రం భయపడేంత కాదు. 150 వాట్ల లెక్కన రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు 9 యూనిట్లు.

6. మరమ్మతు. వారంటీలో ఇంటికి వచ్చి బాగుచేస్తారా, మనమే మోసుకెళ్లాలా? మన పిన్‌కోడ్‌కు ఆ సేవ ఉందా? కింద పడితే, నీళ్లు పడితే వర్తిస్తుందా? ఇవన్నీ కొనకముందే అడగాలి. వేడి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడితే గాలి ఆడదు. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు ఎంత పెట్టి కొన్నా ఫలితం ఒకటే.

పాత లాప్‌టాప్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచే అర్హత. అంతకన్నా పాతది చవగ్గా వచ్చినా దిగుబడి లేని పెట్టుబడే.

నేను వేసిన మార్కులు

ఎంబీయేలో నేర్చుకున్న వాటిలో రోజువారీ పనికొచ్చేది ఒకటుంది. ఎంచుకోవలసినవి మూడు నాలుగు ఉన్నప్పుడు, కావలసిన గుణాలు రాసి, ఒక్కోదానికి ఎంత ప్రాధాన్యమో వందలో పంచి, పదికి మార్కులు వేసి హెచ్చవేయడం. ఆ రాత్రి మూడు రకాలు తీసుకున్నాను. 'అ' అంటే 50,000 రూపాయల పలుచని లాప్‌టాప్, విడి కార్డు లేదు. 'ఆ' అంటే ఆ అమ్మాయి తెచ్చిన 74,000 రూపాయలది, 6 జీబీ కార్డు ఉంది. 'ఇ' అంటే 1,10,000 రూపాయల పెద్ద గేమింగ్ లాప్‌టాప్.

నేను ఇచ్చిన ప్రాధాన్యాలు: చదువుకు పనికిరావడం 30, బ్యాటరీ-కరెంటు 25, మరమ్మతు 20, ధర 15, ఆట 10.

'అ'కు వరుసగా 7, 9, 7, 9, 3 మార్కులు. మొత్తం 740.
'ఆ'కు 9, 6, 7, 6, 8. మొత్తం 730.
'ఇ'కి 9, 3, 7, 2, 10. మొత్తం 615.

'ఇ' సంగతి తేలిపోయింది. 'అ' పది మార్కులతో గెలిచింది. నా మాటే నెగ్గిందని సంతోషించాను. మర్నాడు తండ్రీకూతుళ్లు రాగానే కాగితం ముందు పెట్టాను. తండ్రి తల ఊపాడు. ఆ అమ్మాయి అంకెలన్నీ నిదానంగా చదివింది.

"సార్, కరెంటుకు 25 ఎందుకు వేశారు?"

"మీ ఊళ్లో కరెంటు సంగతి నాకు తెలియదామ్మా? ఇంటి దగ్గర చార్జింగ్ ఎలా పెడతావు?"

"నేను ఏడాదిలో పది నెలలు రాయపూర్ హాస్టల్‌లో ఉంటాను కదా సార్. సెలవులకు వస్తే లాప్‌టాప్ తీసుకురాను. ఆ బస్సుల్లో, ఆ దుమ్ములో ఎందుకు తెస్తాను?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను మార్కులు వేసింది ఆ అమ్మాయికి కాదు. చింతలనార్ అన్న పేరుకు వేశాను. కరెంటు లేని ఊరు, నెట్‌వర్క్ అందని ఊరు అన్న బొమ్మ నా బుర్రలో ఉంది. దాన్నే అంకెల్లో పెట్టాను. లాప్‌టాప్ వాడే మనిషి వచ్చే నాలుగేళ్లు ఎక్కడుంటుంది, ఏం చదువుతుంది అని అడగనేలేదు.

ప్రాధాన్యాలు ఆమెనే చెప్పమన్నాను. కరెంటును 15కు తగ్గించి, ఆ పది మార్కులూ చదువుకు కలిపి 40 చేసింది. ఆటకు పది అలాగే ఉంచింది, పెంచలేదు. మళ్లీ హెచ్చవేశాం. 'అ'కు 720, 'ఆ'కు 760. ఫలితం తారుమారైంది. 'ఆ'ను గెలిపించింది చదువుకు వేసిన ప్రాధాన్యమే, ఆట కాదు.

అసలు ఆట సంగతి

తండ్రికి ఇంకా మనసు ఒప్పలేదు. "ఆడుతూ కూర్చుంటే చదువు ఎప్పుడు సారూ?" అన్నాడు. ఏ తండ్రికైనా ఉండే భయమే అది. కార్డు లేనంత మాత్రాన ఆట ఆగదని ఆయనకు చెప్పాను. వాలరెంట్ లాంటి ఆటలు విడి కార్డు లేని మామూలు లాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి. చేతిలో ఫోన్ ఎలాగూ ఉంది. 50,000ది కొనిపెట్టినంత మాత్రాన చదువు గ్యారంటీ కాదు, 74,000ది కొంటే చదువు పోతుందనీ లేదు.

ఆ అమ్మాయే అందుకుంది. "నాన్నా, పోటా కేబిన్‌లో మేం నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇప్పుడు నలుగురం నాలుగు ఊళ్లకు పోతున్నాం. ఆదివారం రాత్రి గంటసేపు కలిసి ఆడుకుందామనుకున్నాం. అంతే."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నావైపు తిరిగి, "24 వేలు ఎక్కువ కదా సారూ. అది ఎంతవుతుంది చివరికి?" అన్నాడు. ఆయన వ్యాపారి. సరైన ప్రశ్నే అడిగాడు.

24 వేలు చివరికి ఎంత?

విద్యా రుణంలో చదువు కాలం, ఆ తరువాత ఒక ఏడాది మారటోరియం. నాలుగేళ్ల బీటెక్‌కు మొత్తం అయిదేళ్లు. ఆ కాలానికి సాధారణ వడ్డీ. వడ్డీ 10 శాతం అనుకుని లెక్క వేస్తే, 24,000 మీద ఏడాదికి 2,400, అయిదేళ్లకు 12,000. అంటే వాయిదాలు మొదలయ్యే నాటికి అది 36,000. ఈ అంకె చూపించకుండా 'ఎలాగూ లోనే కదా' అనుకోనివ్వడం మన తప్పు. చదువు కాలంలోనే వడ్డీ కట్టుకుంటూ పోతే ఆ భారం పేరుకోదని కూడా చెప్పాలి.

కుటుంబ ఆదాయాన్ని బట్టి వడ్డీ ఊరట ఉందేమో చూడాలి. సంవత్సర ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, అర్హత ఉన్న సంస్థలో సాంకేతిక, వృత్తి విద్య చదివేవాళ్లకు మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవాళ్లకు 8 లక్షల ఆదాయం వరకు, 10 లక్షల రుణం వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసి చెప్పాలి, ఆశపెట్టి తరువాత కాదనకూడదు.

చదువుకు అవసరమైన కంప్యూటర్ కొనుగోలు ఖర్చును విద్యా రుణంలో చేర్చవచ్చు. పుస్తకాలు, పరికరాలతో కలిపి దానికి ఒక పరిమితి ఉంటుంది. అమల్లో ఉన్న సర్క్యులర్ చూసుకోవాలి. బిల్లు విద్యార్థి పేరున ఉండాలి, చెల్లింపు నేరుగా దుకాణానికి వెళ్లడం మంచిది.

దుకాణాల్లో చెప్పే 'నో కాస్ట్ ఈఎంఐ' గురించి కూడా ఆ తండ్రి అడిగాడు. వడ్డీ లేని అప్పు ఎవరూ ఇవ్వరు. రొక్కం ఇచ్చేవాళ్లకు దొరికే డిస్కౌంట్‌ను వదులుకోవడంలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో ఆ వడ్డీ దాగి ఉంటుంది. కార్డు మీదైతే వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ అదనం. సున్నా వడ్డీ అన్నది నిజానికి ఉండదని రిజర్వు బ్యాంకు కూడా 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. చివరికి ఒక మధ్యేమార్గం తానే చెప్పాడు. రుణంలో 50,000, మిగతా 24,000 తన చేతి నుంచి. పండగ సీజను సంతల్లో వచ్చే లాభంలో సర్దుకుంటానన్నాడు. "చదువు అప్పులో ఆట కలవకూడదు సారూ" అన్నాడు నవ్వుతూ. ఆ పై కార్డు చదువుకే ఎక్కువ పనికొస్తుందని నేను మళ్లీ అనబోయి ఆగిపోయాను. ఆయన లెక్క ఆయనది. రుణం కూడా ఆ మేరకు తగ్గింది.

ఇప్పుడు నేను అడిగే ప్రశ్నలు

దసరాకు ఆ అమ్మాయి ఇంటికి వెళుతూ తండ్రితో పాటు శాఖకు వచ్చింది. భుజానికి చిన్న బట్టల సంచీ, చేతిలో ఫోన్. లాప్‌టాప్ ఏదమ్మా అంటే, "హాస్టల్ అల్మారాలో పెట్టి తాళం వేసి వచ్చాను సార్" అంది. మొదటి సెమిస్టరు ఇంటర్నల్ మార్కులు తండ్రి ఫోన్‌లో చూపించాడు. బాగానే ఉన్నాయి. ఆదివారాలు ఆడుతున్నావా అని నేను అడగలేదు. అది వాళ్ల నలుగురి సంగతి.

అప్పటి నుంచి లాప్‌టాప్ కొటేషన్ రాగానే ధర కన్నా ముందు విద్యార్థినే కొన్ని ప్రశ్నలు అడుగుతున్నాను. ఏ కోర్సు, మూడో ఏడాదిలో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? లాప్‌టాప్ ఎక్కువ కాలం ఎక్కడ ఉంటుంది, అక్కడ కరెంటు ఎలా ఉంది? ర్యామ్, స్టోరేజి తరువాత పెంచుకోవచ్చా? పాడైతే ఎవరు, ఎక్కడ బాగుచేస్తారు? ఆడతావా, ఆడితే ఏ ఆటలు?

చివరి ప్రశ్న అడగడానికి మనం మొహమాటపడతాం, జవాబు చెప్పడానికి పిల్లలు భయపడతారు. అడిగితే నిజం చెబుతారు. నిజం తెలిస్తే, 50,000లో సరిపోయేవాడికి 1,10,000 కొటేషన్ తగ్గించమని చెప్పగలం, 74,000 నిజంగా కావలసిన అమ్మాయికి 50,000ది అంటగట్టకుండా ఉండగలం.

తల్లిదండ్రులను కూడా ఆ కుర్చీలో పక్కనే కూర్చోబెట్టండి. కాగితం, పెన్ను పిల్లల చేతికి ఇవ్వండి. ప్రాధాన్యాలు వాళ్లే రాయాలి. హెచ్చవేత మాత్రం మనం చేసిపెడదాం.